ఒత్తిడి కళ్లతో చూస్తే.. ప్రతి మొహంలోనూ కోపమే!

సాయంత్రం ఏడున్నర. గంటన్నర ట్రాఫిక్‌ దాటుకొని ఇంటికొచ్చారాయన. గేటు తీస్తుండగానే ఆఫీసు నుంచి మరో మెసేజ్‌. చెప్పులు విడుస్తుంటే వంటింట్లోంచి భార్య ఓసారి తలెత్తి చూశారు. అంతే, ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

'ఏంటా చూపు? ఇప్పుడు నేనేం చేశాను?'

'నేనేమన్నానండీ? కుక్కర్‌ ఎన్ని విజిల్స్‌ వేసిందో లెక్కపెట్టుకుంటున్నా..'

గది గుమ్మంలో నిల్చున్న అబ్బాయి చేతిలోని స్లిప్‌ టెస్టు పేపరును మెల్లగా వెనక్కి దాచేసుకున్నాడు. సంతకం అడగటానికి ఇది సమయం కాదని నాన్న మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది.

ఇలాంటి సీను మనలో చాలామంది ఇళ్లలో జరిగేదే. ఒక్క నిమిషంలో అబ్బాయి నాన్న మొహాన్ని సరిగ్గా చదివాడు. నాన్న మాత్రం అమ్మ మొహాన్ని తప్పు చదివారు. ఆమె ముఖంలో లేని కోపం ఆయనకెలా కనిపించింది? దీన్ని 'చిరాకు', 'మూడ్‌ బాగోలేదు' అని కొట్టిపారేస్తుంటాం గానీ దీని వెనక మెదడులో జరిగే తతంగం చాలానే ఉంది. మనం మొహాలను ఎలా చూస్తాం, వాటిలోంచి ఎదుటివారి మనసును ఎలా అంచనా వేస్తాం, ఒత్తిడి ఈ అంచనాను ఎలా తలకిందులు చేస్తుంది? నాడీ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలకు రాబట్టిన సమాధానాలు మన ఇళ్లలోని ఎన్నో అనవసర గొడవలకు కారణం చెబుతాయి. వాటిని తప్పించుకునే దారులూ చూపిస్తాయి.

మొహాల కోసం ఓ ప్రత్యేక విభాగం

ఆలోచిస్తే మొహాలను గుర్తుపట్టటం చిన్న పనేమీ కాదు. అందరికీ రెండు కళ్లు, ఒక ముక్కు, ఒక నోరు. అవి ఉండే చోటూ ఒకటే. తేడాలన్నీ మిల్లీమీటర్లలోనే. అయినా పెళ్లి పందిట్లో వందల మంది మధ్య పదేళ్ల కిందట చూసిన మేనత్త కొడుకును ఇట్టే పోల్చుకుంటాం. పసిపిల్లలైతే పుట్టిన కొద్దిసేపటికే మిగతా బొమ్మల కన్నా ముఖం లాంటి ఆకారం వైపు ఎక్కువగా కళ్లు తిప్పుతారు.

మెదడు ఈ పనికి ప్రత్యేకమైన ఏర్పాటే చేసుకుంది. అమెరికాకు చెందిన న్యాన్సీ కాన్విషర్‌ బృందం 1997లో ఎమ్మారై స్కాన్ల సాయంతో ఓ చిన్న భాగాన్ని గుర్తించింది. ఇళ్లు, వస్తువులు, చేతుల ఫొటోలు చూసినప్పటి కన్నా మొహాలు చూసినప్పుడు ఈ భాగం చాలా ఎక్కువగా స్పందిస్తోంది. చెవుల వెనక, మెదడు అడుగుభాగాన ఉండే దీన్ని 'ఫ్యూజిఫామ్‌ ఫేస్‌ ఏరియా' అంటున్నారు. సాధారణంగా కుడివైపు ఇది మరింత చురుకుగా ఉంటుంది. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే- మొహం కనబడిన సుమారు 170 మిల్లీసెకన్లకే, అంటే సెకనులో ఆరో వంతు సమయంలోనే ప్రత్యేకమైన విద్యుత్‌ తరంగం నమోదవుతుంది.

ఇది 'ఎవరు?' అనే ప్రశ్నకు జవాబు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటుంది. 'ఈ మనిషి ఇప్పుడు నాతో ఎలా ఉన్నారు? కోపంగానా, ప్రేమగానా? దగ్గరికి వెళ్లొచ్చా, తప్పుకోవాలా?' ఎదుటివారి మనసును ఇలా అంచనా వేసే సామర్థ్యాన్నే శాస్త్రవేత్తలు 'సోషల్‌ కాగ్నిషన్‌' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మనిషిని చదవటం. ఇందులో ముఖ్యపాత్ర పోషించేది అమిగ్డలా. బాదం గింజ ఆకారంలో, కణతల లోపల చెరోవైపు ఒకటి చొప్పున ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టి గంట మోగించే కాపలాదారు లాంటిది.

భయం కనిపించని మహిళ

అమిగ్డలా ఏం చేస్తుందో ప్రపంచానికి తెలిసింది ఓ మహిళ వల్ల. వైద్య పత్రికల్లో ఆమెను ఎస్‌ఎం అనే అక్షరాలతోనే పిలుస్తారు. అర్బాక్‌-వీత అనే చాలా అరుదైన జన్యు జబ్బు మూలంగా ఆమె మెదడులోని రెండు అమిగ్డలాలూ దెబ్బతిన్నాయి. తెలివితేటలకు లోటు లేదు. మనుషులను చక్కగా గుర్తుపడతారు. నవ్వును నవ్వుగానే చూస్తారు. కానీ భయపడుతున్న ముఖాన్ని చూపిస్తే మాత్రం అది భయమని పోల్చుకోలేకపోయారు. రాల్ఫ్‌ అడాల్ఫ్స్‌ అనే నాడీ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1994లో ఈ సంగతిని వెల్లడించారు.

అడాల్ఫ్స్‌ అక్కడితో ఆగలేదు. రెండువైపులా అమిగ్డలా దెబ్బతిన్న ముగ్గురికి ముక్కూమొహం తెలియనివారి ఫొటోలు చూపించి 'వీరిని నమ్మొచ్చా? దగ్గరికి వెళ్లొచ్చా?' అని అడిగారు. మిగతావాళ్లు 'ఈ మనిషి తేడాగా ఉన్నాడు' అన్న మొహాలను కూడా ఈ ముగ్గురూ నమ్మదగినవారుగానే లెక్కగట్టారు. ఇది 1998 నాటి మాట. ఆ తర్వాత మరో అధ్యయనంలో కొత్తవారు ఎంత దగ్గరికొస్తే ఇబ్బంది అనిపిస్తుందో కొలిచారు. మామూలువారు సగటున 76 సెంటీమీటర్ల దూరం కోరుకుంటే, ఎస్‌ఎంకు 34 సెంటీమీటర్లు చాలు! అంటే కొత్తవారి విషయంలో మనల్ని ఓ అడుగు వెనక్కి లాగేది ఈ కాపలాదారేనన్నమాట.

అసలు ఆశ్చర్యం 2005లో బయటపడింది. ఎస్‌ఎం ఎదుటివారి మొహం చూస్తున్నప్పుడు ఆమె చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో పరికరంతో గమనించారు. ఆమె కళ్ల వైపు చూడటమే లేదు! భయం ఎక్కువగా కనిపించేది విప్పారిన కళ్లలోనే కదా. 'కళ్లలోకి చూడండి' అని చెప్పగానే ఆమె భయాన్ని మామూలువారితో సమానంగా పోల్చుకున్నారు. అయితే మళ్లీ మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చేది. చెప్పటం ఆపితే చూపు మళ్లీ కళ్ల మీంచి పక్కకు పోయేది.

దీన్నిబట్టి అమిగ్డలా కేవలం భయపెట్టే యంత్రం కాదని, ఎదుటి మొహంలో ఏది ముఖ్యమో అటువైపు మన చూపును మళ్లించే మార్గదర్శి కూడా అని తేలింది. మనం మొహాన్ని చూడటమంటే ఫొటో తీయటం కాదు. ఎక్కడ వెతకాలో మెదడు ముందే నిర్ణయించుకొని వెతుకుతుంది. మరి ఆ వెతికే మెదడు ఒత్తిడిలో ఉంటే?

గంట మోగుతూనే ఉంటే..

ఒత్తిడి ఎదురవగానే శరీరంలో రెండు అలలు లేస్తాయి. మొదటిది క్షణాల్లో వచ్చే అడ్రినలిన్‌ అల. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. రెండోది కార్టిసాల్‌ అల. ఇది నింపాదిగా లేచి, ఒత్తిడి మొదలైన 20-30 నిమిషాలకు పతాక స్థాయికి చేరుకుంటుంది. తర్వాత మెల్లగా తగ్గుతుంది. దారిలో బాస్‌ ఫోన్‌కాల్‌తో పుట్టిన ఒత్తిడి సరిగ్గా ఇంటి గుమ్మం తొక్కే వేళకు ఒంట్లో గరిష్ఠంగా ఉండొచ్చన్నమాట. కాల్‌ ఎప్పుడో ముగిసింది. హార్మోన్‌ ఇంకా ముగియలేదు.

ఈ సమయంలో మెదడులో అధికారం చేతులు మారుతుంది. నుదుటి వెనక ఉండే ప్రిఫ్రాంటల్‌ కార్టెక్స్‌ మన ఇంటి పెద్దలాంటిది. 'తొందరపడకు, ఆమె ఏదో ఆలోచనలో ఉందేమో' అని సర్దిచెప్పేది ఇదే. అదుపు తప్పిన ఒత్తిడిలో పుట్టే రసాయనాలు కొద్ది నిమిషాల్లోనే దీని పనిని మందగింపజేస్తాయని అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ ఆర్న్‌స్టెన్‌ పరిశోధనలు చెబుతున్నాయి. పెద్దాయన పక్కకు తప్పుకొన్నాక పెత్తనమంతా కాపలాదారుదే.

ఆ కాపలాదారు ఎలా ప్రవర్తిస్తాడో నెదర్లాండ్స్‌లోని నైమెహెన్‌ పరిశోధకులు 2009లో చూపించారు. కొందరికి కలవరపెట్టే సినిమా దృశ్యాలు చూపించి, ఒత్తిడిలో ఉండగా స్కానర్‌లో రకరకాల మొహాలు చూపించారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు అమిగ్డలా కోపం, భయం నిండిన మొహాలకు ఎక్కువగా, నవ్వు మొహాలకు తక్కువగా స్పందించింది. ఒత్తిడిలో ఆ తేడా చెరిగిపోయింది. నవ్వే మొహానికీ గంట మోగటం మొదలైంది. అంటే చురుకుదనం పెరిగింది గానీ విచక్షణ తగ్గింది. అపార్ట్‌మెంటులో దొంగతనం జరిగిన మర్నాడు వాచ్‌మన్‌ పాలబ్బాయినీ నిలదీసినట్టు!

ఒత్తిడి ఎప్పుడూ మనుషులను దూరమే చేస్తుందనుకోవద్దు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఒత్తిడికి గురైన మగవారు ఎదుటివారిని మరింత నమ్మటం, ఉన్నది పంచుకోవటం కనిపించింది. కష్టంలో ఉన్నప్పుడు మనిషి తోడు వెతుక్కుంటాడు. చిక్కంతా ఇక్కడే. తోడు అవసరమైన వేళలోనే తోడుగా ఉన్నవారి మొహాన్ని తప్పు చదివే ముప్పూ పొంచి ఉంటుంది.

బెంగళూరు పరిశోధన చెప్పిన పాఠం

ఒక్కపూట ఒత్తిడి సరే, నెలల తరబడి ఉంటే? దీనికి జవాబు మన పొరుగునే దొరికింది. బెంగళూరులోని నేషనల్‌ సెంటర్‌ ఫర్‌ బయలాజికల్‌ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనలు ప్రపంచమంతా పేరు పొందాయి. రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు ఎలుకలను కదలనీయకుండా ఉంచి, ఆ తర్వాత వాటి మెదడు కణాలను పరిశీలించారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అదే అమిగ్డలాలోనేమో కొమ్మలు మరింత విస్తరించాయి. ఒకే ఒత్తిడి.. ఒకచోట కోత, మరోచోట పెరుగుదల.

ఒత్తిడి ఆపేసి 21 రోజులు విశ్రాంతి ఇచ్చాక హిప్పోక్యాంపస్‌ చాలావరకు కోలుకుంది. అమిగ్డలాలోని పెరుగుదల మాత్రం అలాగే ఉండిపోయింది. ఎలుకల్లో ఆందోళన కూడా తగ్గలేదు. మరో ప్రయోగంలో ఒక్కసారి, అదీ 2 గంటల సేపే ఒత్తిడికి గురిచేశారు. వెంటనే తేడా ఏమీ కనిపించలేదు. కానీ 10 రోజుల తర్వాత చూస్తే అమిగ్డలా కణాల మీద కొత్త అనుసంధానాలు మొలిచాయి.

ఎలుకల్లో చూసిందంతా మనుషుల్లో అచ్చం అలాగే జరుగుతుందని చెప్పలేం. అయినా మనం తరచూ గమనించే ఓ విషయాన్ని ఇది గుర్తుచేస్తుంది. అప్పు తీరినా, పరీక్ష గట్టెక్కినా, జబ్బుపడ్డ మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినా ఇంట్లోవారి ఉలికిపాటు వెంటనే పోదు. 'అంతా అయిపోయిందిగా, ఇంకా ఎందుకు అలా ఉంటావు?' అనేముందు మనసు తేరుకోవటానికీ కొంత గడువు కావాలని గుర్తుంచుకుంటే మంచిది.

ఒకరి ఒత్తిడి.. ఇంటిల్లిపాదికీ!

'వీధిలో గొడవలు ఇంట్లోకి తేవద్దు' అంటారు పెద్దలు. తేకుండా ఉండటం మన చేతుల్లో లేదేమో! జర్మనీలో వెరోనికా ఎంగెర్ట్‌ బృందం 2014లో చేసిన అధ్యయనం దీన్నే చెబుతోంది. ఒకరిని ఇంటర్వ్యూ, కఠినమైన లెక్కలతో ఒత్తిడికి గురిచేస్తుంటే మరొకరు ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఇద్దరి కార్టిసాల్‌నూ పరీక్షించారు. ఏ ఒత్తిడీ లేకుండా చూస్తున్నవారిలో 26 శాతం మందికి కార్టిసాల్‌ చెప్పుకోదగినంత పెరిగింది. చూస్తున్నది జీవిత భాగస్వామో, ప్రేమికులో అయితే ఇది 40 శాతం. అపరిచితులైతే 10 శాతం. వీడియోలో చూసినవారిలోనూ 24 శాతం మందికి పెరిగింది.

అంటే ఒత్తిడి ఒకరి మొహం నుంచి మరొకరి ఒంట్లోకి పాకుతుంది. ప్రేమ ఎంత ఎక్కువైతే దారి అంత దగ్గర. అమెరికాలో ఉన్న అమ్మాయి వీడియో కాల్‌లో డల్‌గా కనిపిస్తే ఇక్కడ అమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవటంలో వింతేమీ లేదు. ఇక ఇక్కడి నుంచి చక్రం మొదలవుతుంది. ఆయన ఒత్తిడి ఆమెకు చేరుతుంది. ఆమె మొహం నిజంగానే ముడుచుకుంటుంది. ఆయన దాన్ని చూసి 'నేను ముందే అన్నానా, కోపంగానే ఉంది' అనుకుంటారు. తప్పు చదివిన మొహం కాస్తా నిజమై కూర్చుంటుంది.

పిల్లలు ముందే పసిగడతారు

ఈ చక్రంలో ఎక్కువగా నలిగేది పిల్లలే. అమెరికాలోని విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సేత్‌ పొల్లాక్‌, ఎంఐటీలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త పవన్‌ సిన్హా కలిసి 2002లో ఓ అధ్యయనం ప్రచురించారు. పిల్లలకు బాగా మసకబారిన మొహాల ఫొటోలు చూపించి, కొద్దికొద్దిగా స్పష్టంగా చేసుకుంటూ వచ్చారు. ఇంట్లో దెబ్బలు తిని పెరిగిన పిల్లలు మిగతావారి కన్నా ముందే, ఇంకా ఫొటో సరిగా తేలకముందే కోపాన్ని గుర్తుపట్టారు.

చూడటానికి ఇది తెలివితేటల్లా అనిపిస్తుంది. నిజానికిది బతకటం కోసం నేర్చుకున్న విద్య. ఇంట్లో ఏ క్షణాన ఉరుము ఉరుముతుందో తెలియని బిడ్డ మబ్బు పట్టకముందే తలుపులు వేసుకోవటం నేర్చుకుంటుంది. కానీ ఈ విద్యే బడిలో బెడిసికొడుతుంది. స్నేహితుడు ఊరికే చూసినా 'నన్నే ఏదో అంటున్నాడు' అనిపిస్తుంది. అక్కడ గొడవ, తర్వాత టీచర్‌ నుంచి ఫిర్యాదు, దానికి ఇంట్లో మరో దెబ్బ!

కోపమే కాదు, ఏ భావమూ లేని మొహం కూడా పసివారిని కలవరపెడుతుంది. ఎడ్వర్డ్‌ ట్రానిక్‌ అనే శాస్త్రవేత్త 1970ల్లో చేసిన 'కదలని మొహం' ప్రయోగం ఇందుకు ప్రసిద్ధి. అమ్మ కాసేపు బిడ్డతో ఆడుతుంది. తర్వాత కొద్దిసేపు బొమ్మలా ఏ భావమూ లేకుండా చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేరింతలు కొడుతుంది. అమ్మలో చలనం లేకపోతే మొహం పక్కకు తిప్పుకొని డీలా పడిపోతుంది. ఇప్పుడు మనం ఫోన్‌లోకి చూస్తున్నంతసేపూ పిల్లలకు కనిపించేది ఇలాంటి మొహమే. అయితే ఈ ప్రయోగంలో మంచి కబురూ ఉంది. అమ్మ మళ్లీ నవ్వి పలకరిస్తే బిడ్డ తిరిగి దగ్గరవుతుంది. తల్లిదండ్రులు ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలని ఎవరూ అనరు. తెగిన మాటను తిరిగి కలపటం ముఖ్యం.

నిద్ర చాలకపోతే చూపూ మసకే

మొహాలు తప్పు చదవటానికి ఒత్తిడికి తోడు నిద్రలేమీ జతకూడుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మాథ్యూ వాకర్‌ బృందం 2010లో కొందరిని ఒక రాత్రి మేల్కొని ఉండేలా చేసి మొహాలు చూపించింది. స్పష్టంగా ఉన్న భావాలను వారు బాగానే పోల్చుకున్నారు గానీ ఓ మోస్తరు కోపం, ఓ మోస్తరు సంతోషం విషయంలో తడబడ్డారు. ఇళ్లలో మనం రోజూ చూసేవి ఇలాంటి మోస్తరు భావాలే కదా. ఊరట ఏంటంటే, మర్నాడు హాయిగా నిద్రపోయాక ఆ సామర్థ్యం తిరిగొచ్చింది. నైట్‌ షిఫ్టులు చేసేవారు, పసిపిల్లలున్న తల్లులు, పరీక్షల ముందు తెల్లవార్లూ చదివే పిల్లలు చిన్నమాటకే ఎందుకు నొచ్చుకుంటారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఏం చేయొచ్చు?

గుమ్మం దగ్గర కాస్త ఆగండి: కార్టిసాల్‌ దిగటానికి సమయం పడుతుంది. బండి ఆపాక అయిదు నిమిషాలు ఫోన్‌ పక్కనపెట్టి నెమ్మదిగా ఊపిరి తీసుకొని వదలండి. కాళ్లూచేతులూ కడుక్కొని, మంచినీళ్లు తాగి అప్పుడు మాట్లాడండి. బయటి నుంచి రాగానే కాళ్లు కడుక్కోమనే మన అలవాటు ఈ విరామానికి భలే పనికొస్తుంది. ఇంట్లో ఉన్నవారూ ఫీజులు, బిల్లుల వంటి విషయాలను రాగానే కాకుండా అరగంట ఆగి చెబితే మేలు.

తీర్పు చెప్పొద్దు, అడగండి: మొహం మనసుకు అచ్చుగుద్దిన నకలేం కాదు. కోపం వచ్చిన ప్రతిసారీ మనుషులు మొహం చిట్లించరు. చిట్లించిన ప్రతిసారీ అది కోపమూ కాదు. తలనొప్పి కావొచ్చు, కళ్లద్దాల పవర్‌ మారి ఉండొచ్చు, కుక్కర్‌ విజిల్స్‌ లెక్క కావొచ్చు! ఎన్నో అధ్యయనాలను జల్లెడ పట్టి లీసా ఫెల్డ్‌మన్‌ బారెట్‌, ఆమె సహచరులు 2019లో తేల్చిందిదే. కాబట్టి 'ఏంటా మొహం?' అనే బదులు 'ఏమన్నా ఇబ్బందిగా ఉందా?' అని అడిగి చూడండి.

మీ భావానికి పేరు పెట్టండి: 'నాకివాళ చిరాగ్గా ఉంది, నీ మీద కాదు' అనే మాట చాలా గొడవలను ఆపుతుంది. దీనికి శాస్త్రీయ ఆధారమూ ఉంది. కోపంగా ఉన్న మొహాన్ని చూస్తూ ఆ భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గుతున్నట్టు మాథ్యూ లీబర్‌మన్‌ బృందం 2007లో గుర్తించింది. పిల్లలకూ ఇది నేర్పించొచ్చు. 'నాకు భయమేస్తోంది', 'నాకు బాధగా ఉంది' అని చెప్పగలిగే బిడ్డకు వస్తువులు విసిరేయాల్సిన అవసరం తగ్గుతుంది.

చేయి పట్టుకోండి: జేమ్స్‌ కోన్‌ బృందం 2006లో 16 మంది వివాహిత మహిళలను స్కానర్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాక్‌ తగలొచ్చని చెప్పింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు మెదడులో ప్రమాద స్పందన తగ్గింది. కాపురం సజావుగా ఉన్నవారిలో ఈ ప్రభావం మరింత ఎక్కువ. మాటలు తోచని వేళ పక్కన కూర్చొని చేయి పట్టుకున్నా చాలు.

గొంతు వినండి: మొహం కన్నా గొంతు కొన్నిసార్లు నిజం చెబుతుంది. మొహం చూస్తూ విన్నప్పటి కన్నా గొంతు మాత్రమే విన్నప్పుడు ఎదుటివారి భావాలను మరింత కచ్చితంగా అంచనా వేయగలిగారని మైఖేల్‌ క్రాస్‌ 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. దూరాన ఉన్న పిల్లలతో వీడియో కాల్‌తో పాటు అప్పుడప్పుడు మామూలు ఫోన్‌కాల్‌ కూడా మాట్లాడండి.

పెద్ద విషయాలు రాత్రి వద్దు: డబ్బు, చదువు, అత్తింటి-పుట్టింటి వ్యవహారాలను నిద్రమత్తులో చర్చించొద్దు. ఒక రాత్రి నిద్రపోయాక అదే మొహం వేరుగా కనిపించొచ్చు.

కళ్లలోకి చూడండి: ఎస్‌ఎంకు అడాల్ఫ్స్‌ చెప్పిన మాటే మనకూ వర్తిస్తుంది. పిల్లలు మాట్లాడుతుంటే ఫోన్‌ బోర్లించి వారి వైపు చూడండి. రోజుకు పది నిమిషాలైనా ఇలా కేటాయించండి.

అన్నింటికీ ఒత్తిడే కారణం కాదు

మొహంలో, లేదా మొహాలు చదవటంలో మార్పు కొన్నిసార్లు జబ్బుకు సూచన కావొచ్చు. వీటిని తేలికగా తీసుకోవద్దు.

* ఇంట్లో పెద్దాయన కొంతకాలంగా నవ్వటం లేదు, ఎప్పుడూ ముభావంగా ఉంటున్నారు. వెంటనే కోపమనుకోవద్దు. పార్కిన్సన్స్‌లో ముఖ కండరాల కదలికలు తగ్గి మొహం ముసుగు వేసినట్టు కనిపిస్తుంది. లోపల ఆనందం ఉన్నా బయటికి రాదు. చేయి వణకటం, నడక నెమ్మదించటం, గొంతు తగ్గటం వంటివి కూడా ఉంటే న్యూరాలజిస్టును సంప్రదించాలి.

* మూతి ఒక పక్కకు వంకరపోవటం, చేయి బలహీనం కావటం, మాట తడబడటం హఠాత్తుగా మొదలైతే పక్షవాతం కావొచ్చు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* ఎప్పుడూ ఆప్యాయంగా ఉండే వ్యక్తి ఇతరుల బాధ పట్టనట్టు, సభ్యత మరచినట్టు ప్రవర్తిస్తుంటే, ముఖ్యంగా 45-65 ఏళ్ల మధ్య ఇది నెమ్మదిగా ముదురుతుంటే ఫ్రంటోటెంపోరల్‌ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు కోసం పరీక్షించాల్సి ఉంటుంది. ఇందులో మతిమరుపు కన్నా ముందే స్వభావం మారొచ్చు.

* కొందరికి దగ్గరివారి మొహాలూ గుర్తుండవు. గొంతు, నడక, జుట్టును బట్టి పోల్చుకుంటారు. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు. పుట్టుకతోనే ఇలా ఉండేవారు నూటికి ఇద్దరి వరకు ఉండొచ్చని అంచనా. 'పొగరు, పలకరించడు' అని మనం అనుకునేవారిలో కొందరు వీరే కావొచ్చు. హఠాత్తుగా మొదలైతే మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

* ప్రతి మొహంలోనూ విచారమో, తిరస్కారమో కనిపిస్తూ, రెండు వారాలకు పైగా దిగులు, నిద్ర పట్టకపోవటం, దేని మీదా ఆసక్తి లేకపోవటం ఉంటే కుంగుబాటు కావొచ్చు. దీనికి మంచి చికిత్సలున్నాయి. మందులతో మనసు తేలికపడకముందే మొహాలను చూసే తీరు మెరుగుపడటం మొదలవుతుందని ఆక్స్‌ఫర్డ్‌ శాస్త్రవేత్త క్యాథరిన్‌ హార్మర్‌ పరిశోధనలు సూచిస్తున్నాయి. కాబట్టి 'వారం వాడినా గుణం లేదు' అని మందులు సొంతంగా మానెయ్యొద్దు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలిమానస్‌ హెల్ప్‌లైన్‌ 14416కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

* ఇంట్లో పిల్లలు దెబ్బలకు ఉలిక్కిపడుతున్నా, ఎవరైనా చేయి ఎత్తగానే తల దాచుకుంటున్నా ముందుగా మారాల్సింది పెద్దలే. కోపం అదుపులో ఉండటం లేదనిపిస్తే సైకాలజిస్టు సాయం తీసుకోవటంలో నామోషీ ఏమీ లేదు.

మళ్లీ ఆ సాయంత్రానికే వద్దాం. ఆయన చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని, అయిదు నిమిషాలు కూర్చొని వంటింట్లోకి వెళ్లారనుకోండి. 'ఇవాళ ఆఫీసులో బుర్ర వేడెక్కిపోయింది' అన్నారనుకోండి. అప్పుడూ ఆమె అలాగే చూస్తారు. కుక్కర్‌ అప్పటికి నాలుగో విజిల్‌ వేసి ఉంటుంది. స్టవ్‌ కట్టేసి, 'టీ పెట్టనా?' అంటారు. గుమ్మంలో నిల్చున్న అబ్బాయి కాసేపు ఆగి, వెనక దాచుకున్న పేపరును ముందుకు తెస్తాడు. మార్కులు ఎన్నొచ్చాయన్నది తర్వాతి సంగతి. నాన్నకు చూపించొచ్చని వాడికి అనిపించింది. ముఖ్యమైంది అదే.